రక్షణ విశ్వాసం వల్లే అయితే మంచి పనులెందుకు?

వందనాలమ్మా. మీరు రాసింది రెండుసార్లు చదివాను. అడిగింది ఒకటే ప్రశ్న అనుకున్నారు గానీ అందులో మూడున్నాయి.

మీ ఊరి పాస్టరుగారు ఎఫెసీ 2:8 చూపించి రక్షణ విశ్వాసం వల్లే, క్రియల వల్ల కాదంటారు. మీతో పనిచేసే కతోలిక నర్సేమో యాకోబు 2వ అధ్యాయం తీసి, క్రియలు లేని విశ్వాసం చచ్చినదే అంటుంది. రెండూ బైబిలే కదా, ఏది పట్టుకోవాలి అన్నది మొదటిది. మీ నాన్నగారు ముప్ఫయ్యేళ్ల విశ్వాసి, సంఘ పెద్ద, ప్రతి ఆదివారం సాక్ష్యం చెబుతారు. పొలం గట్టు తగాదాతో ఆరేళ్లుగా మీ బాబాయితో మాట్లాడరు. ఆయన విశ్వాసం నిజమైనదేనా అన్నది రెండోది. హైదరాబాదులో నైట్ డ్యూటీల వల్ల మీరు మందిరానికి సరిగా వెళ్లలేకపోతున్నారు, సంఘంలో ఏ సేవా చేయలేకపోతున్నారు, రక్షణ పోతుందేమోనని టెన్షన్. ఇది మూడోది. నాకనిపించేదేంటంటే, మీకు నిద్ర పట్టనివ్వనిది ఈ మూడోదే.

ముందు జవాబు చెప్పేస్తాను. దేవుడు మనల్ని చేర్చుకునేది కృప వల్ల. ఆ కృపను మనం అందుకునేది విశ్వాసంతో. మంచి పనులు దానికి మనం చెల్లించే వెల కాదు. అయితే, చేర్చుకున్నాక బతుకులో ఏ కదలికా లేకపోతే దాన్ని బైబిలు విశ్వాసం అనదు. ఇక నైట్ డ్యూటీ వల్ల ఎవరి రక్షణా పోదమ్మా. దానికి మళ్లీ వస్తాను.

నేను ముప్ఫై నాలుగేళ్లు పాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. వశిష్ఠ గోదావరికి ఇవతల కొన్నేళ్లు, సఖినేటిపల్లి రేవు దాటి అవతల కొన్నేళ్లు. బైబిలు కాలేజీలో చదివింది కొంత. మిగతాదంతా జనం ఇళ్లల్లో, ఆసుపత్రుల్లో, సమాధుల దొడ్డిలో నేర్చుకున్నదే. అది దృష్టిలో పెట్టుకుని చదవండి.

మొదట ఎఫెసీ పత్రిక. మన సండేస్కూళ్లలో 2వ అధ్యాయం 8, 9 వచనాలు కంఠతా పెట్టిస్తాం. "మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు" దగ్గర మొదలెట్టి "ఎవడును అతిశయపడ వీలులేదు" దగ్గర ఆపేస్తాం. బహుమతి ఇచ్చేస్తాం, పిల్ల వెళ్లి కూర్చుంటుంది. పదో వచనం ఎవరూ అడగరు. అందులో ఉన్నదేమిటి? సత్‌క్రియలు చేయడానికే మనం క్రీస్తుయేసునందు సృష్టింపబడ్డామనీ, వాటిని దేవుడు ముందుగానే సిద్ధపరచి ఉంచాడనీ. పౌలు ఒక్క ఊపిరిలో చెప్పిన మాటను మనం మధ్యలో తుంచేసి, తర్వాత యాకోబును తెచ్చి ఆయన మీదికి తగువుకు పంపిస్తున్నాం.

ఇద్దరూ అబ్రాహామునే సాక్షిగా పిలుస్తారు, అక్కడే అసలు చిక్కు. పౌలు రోమా 4లో అబ్రాహాము నమ్మాడు, అది నీతిగా ఎంచబడింది అంటాడు. యాకోబు 2లో, కొడుకును బలిపీఠం మీద పెట్టినప్పుడు క్రియల వల్ల నీతిమంతుడని తీర్పు పొందలేదా అంటాడు. ఎదురెదురుగా పెడితే తగాదాలాగే కనబడుతుంది. ఇప్పుడు ఆదికాండం తీసి ఆ రెండు సంగతులూ ఎప్పుడు జరిగాయో చూడండి. దేవుడు నక్షత్రాలు లెక్కపెట్టమంటే అబ్రాహాము నమ్మిన రాత్రి 15వ అధ్యాయం. అప్పటికి పెద్దకొడుకు ఇష్మాయేలు కూడా పుట్టలేదు. ఇష్మాయేలు పుట్టినప్పుడు అబ్రాహాముకు 86 ఏళ్లు, ఇస్సాకు పుట్టినప్పుడు 100. బలిపీఠం సంగతి 22వ అధ్యాయం. అప్పటికి ఇస్సాకు కట్టెలు మోసుకుని కొండెక్కే వయసువాడు. అంటే రెంటికీ మధ్య కనీసం ఇరవయ్యేళ్లు. పౌలు చూపిస్తున్నది అబ్రాహాము దేవుడి దగ్గర కాలుపెట్టిన రాత్రిని. యాకోబు చూపిస్తున్నది, ఆ రాత్రి నమ్మినవాడు ఇన్నేళ్ల తర్వాత ఎలా నడిచాడో ఆ పగటిని. యాకోబు ఆ 15వ అధ్యాయపు వచనాన్నే ఎత్తి, అది ఇక్కడ నెరవేరింది అంటాడు. ఆయన పౌలుకు జవాబు చెప్పడం లేదు. అబ్రాహాము కథను చివరిదాకా చదువుతున్నాడు.

ఇంకో సంగతి. "క్రియలు" అన్న మాట ఇద్దరి దగ్గరా ఒకటి కాదు. పౌలు గలతీయులతో గొడవపడింది సున్నతి గురించి, దినాలు పాటించడం గురించి. వాటితో దేవుడి ఇంటివాళ్లం అవుతామనుకోవడం గురించి. మన దగ్గర సున్నతి లేదు గానీ దానికి చుట్టాలున్నాయి. ఫలానా సంఘంలో తెల్లబట్టలే కట్టాలి, ఫలానా సంఘంలో చెవికమ్మలు తీస్తేనే బాప్తిస్మం. ఆచారంగా పెట్టుకుంటే నాకు అభ్యంతరం లేదు. అవి లేనివాళ్లు రక్షణ పొందలేదని చెప్పిన మరుక్షణం మనం గలతీ సంఘంలో కూర్చున్నట్టే. యాకోబు చెప్పిన క్రియలు వేరు. తిండి లేనివాడికి తిండి, బట్ట లేనివాడికి బట్ట, నోటికి కళ్లెం, బంగారు ఉంగరం పెట్టుకొచ్చినవాడికీ మాసిన బట్టలవాడికీ ఒకే రకం చోటు, చేలు కోసిన కూలివాడికి కూలి. ఆ పత్రికంతా చూడండి, ఉపవాస కూడికల హాజరు ఎక్కడా అడగలేదు.

దీన్ని నేను పుస్తకంలో నేర్చుకోలేదు. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద తుఫాను పడింది కదా. అప్పటికి మీరు పుట్టారో లేదో. మూడో రోజున మా సంఘంలో సముద్రం వైపున్న పేట చూద్దామని బయల్దేరాను. దారి పొడుగునా కొబ్బరిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. ఎక్కుతూ దిగుతూ నడిచాను. ఓ ముసలావిడ ఇంటికి తాటాకు కప్పంతా ఎగిరిపోయింది, మట్టిగోడ ఒకటి నిలబడింది. ఆవిడా, కూతురూ, ఇద్దరు మనవలూ ఆ గోడ వారన కూర్చున్నారు. నేను వాక్యం చదివి, మోకాళ్లూని పది నిమిషాలు ప్రార్థన చేశాను. మంచి ప్రార్థనే. నాకే కన్నీళ్లొచ్చాయి. లేవబోతుంటే ఆవిడ, "ప్రార్థన బాగుందండి అయ్యగారూ. అగ్గిపెట్టేమన్నా ఉందాండి?" అంది.

పొయ్యి వెలిగించి మూడు రోజులైందట. ఉన్న అగ్గిపెట్టెలన్నీ నీరు తాగేశాయి. నా సంచిలో ఏముందో ఇప్పటికీ చెప్పగలను. బైబిలు, పాటల పుస్తకం, ఓ పాతిక కరపత్రాలు. తడవకుండా బైబిలుకు రెండు ప్లాస్టిక్ కవర్లు చుట్టుకున్నాను. అగ్గిపెట్టె అన్న ఆలోచనే రాలేదు.

ఇంటికొచ్చి యాకోబు 2:16 తీశాను. "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి" అని ఉంది అక్కడ. చలి కాచుకోమని చెప్పి నిప్పు ఇవ్వకుండా వచ్చినవాణ్ని నేనే. మర్నాడు అగ్గిపెట్టెల కట్ట, బియ్యం, కిరసనాయిలు పట్టుకుని వెళ్లాను. దాంతో నాకు రక్షణ వచ్చిందని కాదు. మొదటి రోజు నేను మోకాళ్లూనినప్పుడు నా విశ్వాసం అబద్ధమూ కాదు. కానీ అది నా ఒంట్లోంచి బయటికి రాలేదు. యాకోబు దాన్నే "ఒంటిగా ఉండి మృతమైనది" అన్నాడు. ఆ "ఒంటిగా" అన్న మాట దగ్గర నేను ఇప్పటికీ ఆగుతాను.

ఇక మీ కతోలిక స్నేహితురాలి విషయం. "కతోలికులు క్రియలతో రక్షణ అంటారు, మనం విశ్వాసంతో అంటాం" అని మనవాళ్లు తేల్చేస్తారు. అది సగమే. ప్రొటెస్టంటు సంస్కరణకు ఆద్యుడైన మార్టిన్ లూథరు 1522లో తన కొత్త నిబంధన ముందుమాటలో యాకోబు పత్రికను గడ్డిపత్రిక అన్న మాట నిజం. మనవాళ్లు అది ఇష్టంగా చెప్పుకుంటారు. అదే ఏడాది ఆయన రోమా పత్రికకు రాసిన ముందుమాటలో, విశ్వాసం ప్రాణమున్నది, అది మంచి చేయకుండా ఉండలేదు అని కూడా రాశాడు. ఇది మాత్రం ఎవరూ చెప్పరు. అటు కతోలికులు 1547లో ట్రెంట్ మహాసభలో దీనిమీద గట్టిగా తీర్మానించారు. ఆ లూథరన్లూ కతోలికులే నాలుగున్నర శతాబ్దాల తర్వాత, 1999 అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాదు, కృపవల్లే, క్రీస్తు రక్షణ కార్యం మీద విశ్వాసంతోనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, ఆ కృపే మనల్ని మంచి పనులకు సిద్ధం చేస్తుంది అని దాని సారాంశం. 2006లో మెథడిస్టులూ చేరారు. తేడాలన్నీ తీరిపోయాయని కాదు, చాలా ఉన్నాయి. ఈ ఒక్క విషయంలో మాత్రం మీరిద్దరూ నర్సుల గదిలో టీ తాగుతూ పోట్లాడుకోవాల్సినంత దూరం లేదు.

మన డెల్టా చరిత్ర చూసినా అంతే. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చిన బౌడెన్, బీర్ కుటుంబాలు నరసాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో పని మొదలుపెట్టాయి. కృప, విశ్వాసం తప్ప మరోటి బోధించని బ్రదరెన్ అనే ప్రొటెస్టంటు శాఖవాళ్లు. ఆ సంఘాల వరసలోనే నరసాపురంలో బెతెస్దా కుష్ఠు ఆసుపత్రి లేచింది. అటు రామచంద్రపురంలో కెనడియన్ బాప్టిస్టు మిషనరీ ఇసబెల్ హాచ్ కుష్ఠురోగుల కోసం ఆశ్రమం పెట్టించింది. పుళ్లు కడిగితే పరలోకం వస్తుందని వాళ్ల బోధలో ఎక్కడా లేదు. అయినా పుళ్లు కడిగారు.

నేను ప్రసంగాల్లో కృపకు కాలువ నీటిని ఉపమానంగా చెప్పేవాణ్ని. ధవళేశ్వరం నుంచి వచ్చే నీటిని మన రైతు ఎవరూ పుట్టించలేదు. కానీ మీ చేనికి నీళ్లొచ్చే బోదెలో గుర్రపుడెక్క పేరుకుపోయి ఉంటే గోదావరి నిండుగా ఉన్నా శివారు చేను ఎండుతుంది. ఓ రైతు కూడిక అయ్యాక వచ్చి, "మరి బోదె తవ్వుకోవడం కూడా మన కష్టమే కదండి అయ్యగారూ" అన్నాడు. నిజమే. ఉపమానం అక్కడ కుంటింది. ఫిలిప్పీ 2:12, 13 చదివి చెప్పాను: మీ రక్షణను కొనసాగించుకోండి అంటూనే, మీలో ఆ పనిని కలిగించేది దేవుడే అంటాడు పౌలు. తవ్వే చేతికి బలం కూడా ఆయనదే. ఆయన తల ఊపాడు గానీ, పూర్తిగా ఒప్పుకున్నాడని నేననుకోను.

ఇప్పుడు మీ నాన్నగారు. ఇది జాగ్రత్తగా చెప్పాల్సినది.

మా సంఘంలో ఒక పెద్ద ఉండేవారు. కొబ్బరితోటలున్నవారు. ఆయన ప్రార్థన మొదలుపెడితే ఇరవై నిమిషాలు. సంఘంలో ప్రతి ఇంటినీ పేరుపేరునా ఎత్తి ప్రార్థించేవారు. ఒక ఏడాది కొబ్బరి ధర పడిపోయిందని కాయలు దింపే కూలీలకు రెండు నెలలు డబ్బులివ్వలేదు. వాళ్లలో ఒకతను మా గుమ్మంలోకి వచ్చి, "ఆయ్, మీ పెద్దాయన ప్రార్థనలో మా పేర్లన్నీ చదువుతారంట కదండి. ఓసారి కూలి పుస్తకంలో కూడా చదవమనండి" అన్నాడు.

ఆ ఆదివారం యాకోబు 5:4 మీద మాట్లాడాను. బిగబట్టిన కూలి మొర పెడుతుందనే వచనం. ఆయన వైపు చూడలేదు, చూడక్కర్లేకపోయింది. మూడు వారాలు ఆయన రాలేదు. తర్వాత సగం ఇచ్చారు. మిగతా సగం ఆయన భార్య చీటీ పాడిన డబ్బుల్లోంచి ఆయనకు తెలియకుండా ఇచ్చిందని చాలాకాలానికి తెలిసింది. ఆయన విశ్వాసి కాదా? నేను చెప్పలేను. ఆయన మంచం పట్టినప్పుడు ప్రభువు బల్ల సంస్కారం ఇచ్చింది నేనే, అప్పుడు ఆయన కళ్లల్లో చూసింది నటన కాదు. విశ్వాసం ఆయనలో చాలా గదుల్లోకి వెళ్లింది, ఆ కూలి పుస్తకం ఉన్న గదిలోకి మాత్రం వెళ్లలేదు.

నా అభిప్రాయంలో మన సంఘాల్లో అసలు జబ్బు పౌలుకూ యాకోబుకూ మధ్య లేదు. భక్తి కార్యక్రమాలనే "క్రియలు" అని లెక్కేసుకుని, కూలీ, అప్పూ, గట్టూ, కట్నమూ "లోకసంబంధమైనవి" అని పక్కన పెట్టడంలో ఉంది. ఉపవాసం చేస్తాడు, దశమభాగం ఇస్తాడు, రొయ్యల చెరువు ఉప్పునీళ్లు పక్కవాడి వరిచేలోకి వదులుతాడు. డిసెంబరులో దుప్పట్లు పంచుతారు, దుప్పటి కన్నా ఫ్లెక్సీ పెద్దది. పాస్టర్లం మేమూ తక్కువేం కాదు, ఎవరి కానుక ఎంతో మాకు బాగా గుర్తుంటుంది.

కాబట్టి మీ నాన్నగారి విశ్వాసం నిజమా కాదా అని తీర్పు మీరు చెప్పకండి, నేనూ చెప్పను. "అట్టి విశ్వాసమతని రక్షింపగలదా?" అన్న యాకోబు ప్రశ్న ఎవరికి వారు అద్దంలో వేసుకోవాల్సింది. ఎదుటివాడి మీదికి విసరడానికి కాదు. కానీ ఆ గట్టు సంగతి "చిన్న విషయం" అని కూడా అనకండి. మత్తయి 5:23, 24లో ప్రభువు, బలిపీఠం దగ్గర అర్పణ పెట్టేసి ముందు సహోదరుడితో సమాధానపడి రమ్మన్నాడు. సాక్ష్యం కన్నా ముందు అది.

దీనికి ఎదురు వైపు కూడా చెప్పకపోతే మీకు అన్యాయం చేసినవాణ్నవుతాను. మా మందిరం ప్రతి శనివారం ఊడ్చే ఒకావిడ ఉండేది. వచ్చిన ప్రతి ప్రసంగీకుడికీ వండి పెట్టేది. శుక్రవారం పచ్చి మంచినీళ్లు ముట్టేది కాదు. అందరం మెచ్చుకునేవాళ్లం. ఒకరోజు జ్వరంతో కాగిపోతూ కూడా చీపురు పట్టుకుంటే, ఎందుకమ్మా అని గట్టిగా అడిగాను. రెండో కొడుకు కామెర్లతో పోయాడట. "నీ సేవలో ఏదో లోటు ఉండుంటుంది" అని ఎవరో అన్నారట. అప్పటినుంచి మిగిలిన కొడుకు కోసం ప్రీమియం కట్టినట్టు కడుతోంది. ఆవిడకు నేను యాకోబును చదవలేదు. రోమా 5వ అధ్యాయం చదివాను. మనమింకా పాపులమై ఉండగానే క్రీస్తు చనిపోయాడని. నెల రోజులు చీపురు ముట్టుకోవద్దన్నాను. "చేతులేం చేసుకోవాలో తెలీడం లేదండి" అని ఏడ్చింది. నెల తర్వాత మళ్లీ మొదలుపెట్టింది గానీ, ఒంట్లో బాగోని వారం మానేస్తోంది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

అందుకే చెబుతున్నాను, ఒకే మందు అందరికీ ఇవ్వకూడదు. బిగుసుకుపోయినవాడికి యాకోబు, భయపడేవాళ్లకు పౌలు. తారుమారైతే మందే విషమవుతుంది. మీరు నర్సు, ఇది మీకు వేరే చెప్పాలా?

చావు మంచం మీద నమ్మినవాళ్ల సంగతేంటని ఎవరైనా అడుగుతారు కాబట్టి ఒక్క మాట. సిలువ మీది దొంగకు మంచి పనులు చేసే వ్యవధి లేదు, అయినా పరదైసు దొరికింది. నాకు తెలిసిన ఒక తాగుబోతు ఆసుపత్రిలో నమ్మి పదకొండు రోజులు బతికాడు. ఆ పదకొండు రోజుల్లో చేసిందల్లా, కొడుకును పిలిచి కిళ్లీకొట్టులో 140 రూపాయల బాకీ ఉంది, కట్టేయమనడం. అన్యాయంగా తీసుకున్నది తిరిగిచ్చేస్తానని ప్రభువుతో అన్న జక్కయ్య మాటలా నాకది వినిపించింది.

ఇప్పుడు మీరు. ఆదివారం పొద్దున డ్యూటీ దిగి హాస్టల్‌లో పడుకుని నిద్రపోతున్నందుకు సిగ్గుపడుతున్నారు. మంచం మీంచి లేవలేని రోగిని పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతారు కదా, అది ఏమనుకుంటున్నారు? "జీతం తీసుకుంటున్నాను కదండీ" అంటారు. తీసుకోండి. మత్తయి 25లో రాజు "రోగినైయుంటిని" అన్నప్పుడు కుడివైపు వాళ్లు ఎప్పుడు ప్రభువా అని తెల్లబోయారు. వాళ్ల దగ్గర లెక్క లేదు. మీరు సేవ చేయడం లేదని అనుకుంటున్నారంటే మీ దగ్గరా లేనట్టే. సహవాసం మాత్రం పూర్తిగా వదలకండి. ఆదివారం కుదరకపోతే సాయంత్రం కూడికో, వారం మధ్యలో ఎవరింట్లోనైనా జరిగే గృహ కూడికో చూసుకోండి. అది రక్షణ కోసం కాదు, ఒంటరిగా ఉంటే ఇలాంటి భయాలు పెరుగుతాయి, అందుకు.

నాన్నగారితో గట్టు విషయం ఫోనులో ఎత్తకండి. ఫోనులో తండ్రికి కూతురు బుద్ధి చెబుతున్నట్టే ఉంటుంది. క్రిస్మస్‌కి ఊరొస్తారు కదా. మందిరం నుంచి వచ్చేటప్పుడు అరిసెలో, కేకో ఒక డబ్బాలో పెట్టుకుని ముందు మీరు బాబాయి ఇంటికి వెళ్లండి. నాన్నగారికి చెప్పే వెళ్లండి, దాచొద్దు. ఆయన కోప్పడొచ్చు. పిన్నిగారు ఖాళీ డబ్బా ఊరికే తిప్పి పంపదు, ఏదో ఒకటి పెట్టే పంపుతుంది. దాన్ని తెచ్చి నాన్నగారి ముందు పెట్టి, పిన్ని పంపింది నాన్నా అని చెప్పి ఊరుకోండి.